చాలా బాగుందన్నావు కదా అక్కా

చిత్రకళా విశారద వెనింగ్ అక్క దివ్యసముఖానికి,

ట్యాబ్లెట్ మీద చేతుల బొమ్మలు సాధన చేసి మన చిత్రకారుల వాట్సాప్ గుంపులో పెట్టినప్పుడల్లా, వాటి మీదే ఎర్రగీతలు గీసి, "ఒరేయ్, ఇవి వేళ్లా, అల్లం కొమ్ములా?" అని దులిపేదానివి. ఆ తిట్లతోనే కాస్త చెయ్యి తిరిగింది. స్టూడియో ఉద్యోగానికి పంపాల్సిన బొమ్మ నిన్న పెడితే మాత్రం, "చాలా బాగుంది తమ్ముడూ" అన్నావు. మన జావాలో, ఎంత చెప్పినా బాగుపడడనుకున్నవాడినే అంత మర్యాదగా మెచ్చుకుంటారు. గడువు రేపే. ఈసారీ తప్పితే నాకు బాబాయి టైర్ల కొట్టే గతి. దయచేసి తిట్టక్కా.

"అక్క ఏమందిరా?" అని అమ్మ అడిగింది. "చాలా బాగుందంది" అన్నాను. అమ్మా జావా మనిషే. తన వంతు సోయా టెంపే వేపుడు ముక్క కూడా నా పళ్లెంలో వేసింది.

ఉంటాను,
తమ్ముడు