విభూతితో తుడిచిన లెన్సు

కుప్పం,
ఆదివారం.

అన్నకు, వదినకు తమ్ముడు రెడ్డెప్ప దండాలు పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరంతా చల్లగా ఉండాలని దేవుణ్ణి అడుగుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? నొప్పి ఓర్చుకుంటూ కూర్చోవద్దు, ఆసుపత్రికి పోయి చూపించుకో. వదినకు ఆయాసం తగ్గిందా? మన వైపు వానలు పడ్డాయా? ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

కుప్పం వచ్చి నాలుగు నెలలు నిండాయి. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఇక్కడ గాలి చల్లగా ఉంది. సాయంత్రమైతే తుంపర పడుతోంది. వీధిలో ఒకరు తమిళం మాట్లాడతారు, ఒకరు కన్నడం మాట్లాడతారు. నేను ఇద్దరికీ తల ఊపుతాను. పని ఇచ్చిన సారు తమ ఇంటి వెనక గది కూడా ఇచ్చారు. తిండికి లోటు లేదు. రోజూ అన్నం, సాంబారే అయినా ఆదివారం సారు భార్య నా కోసమని సంగటి కెలుకుతుంది. మొదట్లో పలకరించేవాళ్ళు లేక రేడియో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు పర్వాలేదు. బాగానే ఉన్నాను.

పని ఏమిటని అడిగావు. సారు పాత కెమెరాల లెన్సులు కొని, శుభ్రం చేసి, వాటి మీద మోజున్నవాళ్ళకు అమ్ముతారు. మదనపల్లె స్టూడియోలో ఉన్నప్పుడు నేను మెడలో వేసుకుని తిరిగేవాణ్ణే, ఆ మాదిరి కెమెరాలు. కంటికి పెట్టుకుంటే మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి.

ఒకే లెన్సులో ముందు రకం, తర్వాతి రకం అని ఉంటాయి. నువ్వు సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పినట్టు నేను లెన్సు చూసి చెప్పాలి. ముందు రకం ఇత్తడిది, పైన వెండి రంగు, బరువుగా ఉంటుంది. లోపలి రేకులు ఎక్కువ, వెలుతురు పోయే రంధ్రం గుండ్రంగా మూసుకుంటుంది. అద్దం మీద లేత నీలం పూత ఉంటుంది. అది మెత్తనిది, గట్టిగా రుద్దితే పోతుంది. తర్వాతి రకం నల్లది, తేలిక, పూత గట్టిది. మోజున్నవాళ్ళు ముందు రకానికే ఎగబడతారు. ఆపరేషను అయిన నా కన్ను ఈ పనికి పనికొస్తుందా అని సారుకు ఒక అనుమానం ఉంటే నాకు రెండు ఉండేవి. పనికిరాకపోతే తిరిగొచ్చి నీ మీద పడాలి. ఆ భయం నీకు చెప్పలేదు.

పోయిన వారం సారు మొదటిసారి నన్ను ఒక్కణ్ణే కొనడానికి పంపారు. అదీ మదనపల్లెకు, మా స్టూడియో యజమాని ఇంటికే. ఆయన పోయి రెండేళ్ళయింది గదా. కూతురు లలితమ్మ ఇల్లు ఖాళీ చేస్తూ, లెన్సులు రెండు ఉన్నాయని కబురు చేసింది. ముందు రకం ఒకటి, తర్వాతి రకం ఒకటి. ముందు రకం కోసం బెంగళూరులో ఒకాయన కాచుకుని ఉన్నాడు. నన్ను బస్సు ఎక్కిస్తూ సారు, "పెండ్లిచూపులకు పొయ్యినోడి మాదిరి తల వంచుకోని కూచోవాకప్పా. లైటు పట్టి, తిప్పి తిప్పి సూడు" అన్నారు.

పలమనేరులో బస్సు మారి పుంగనూరు మీదుగానే పోయాను. అంత దగ్గరికి వచ్చి కూడా మన ఊరికి రాలేదు. కోపం చేసుకోవద్దు అన్నా, మనసంతా ఆ పని మీదే ఉంది.

లలితమ్మ కాఫీ ఇచ్చి, రెండు లెన్సులూ బల్ల మీద పెట్టింది. నల్లది చేతికి తీసుకోగానే తెలిసింది, డిజిటల్ కెమెరాలు వచ్చేదాకా నేను ముప్పై ఏళ్ళు వాడింది అదే. లోపల కొంచెం దుమ్ము తప్ప బాగుంది. వెండి రంగుది పైపైన చూస్తే తళతళమంటోంది. వెనక నుంచి టార్చి పట్టి చూశాను. నడిమధ్య నీలం పూత లేదు. సుళ్ళు సుళ్ళుగా గీతలు. ఎవరో పొడి వేసి రుద్దిన గీతలు.

రుద్దింది నేనే అన్నా. పనిలో చేరిన కొత్తలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఆ లెన్సు మీద వేలిముద్రలు పడ్డాయి. మనింట్లో అమ్మ ఇత్తడి చెంబు బూడిదతో తోమేది గదా. అది తలచుకుని, దేవుడి పటం దగ్గరున్న విభూతి చిటికెడు వేసి పంచె చెంగుతో రుద్దాను. బాగా మెరిసింది. సంతోషంగా తెచ్చి యజమాని చేతికిచ్చాను. ఆయన కిటికీ దగ్గరికి పోయి చూసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. వారం తిరక్కుండా మద్రాసు నుంచి నల్లది తెప్పించి, "అది బరువు రెడ్డెప్పా, మెడ నొస్తాది. నువ్వు దీన్ని ఏసుకో" అన్నాడు. నా మెడ మీద ఆయనకు ఎంత దయ అని ఊరికి వచ్చి నీకు చెప్పాను కూడా. "కాడి మోయనోడికి మెడ నొప్పి యాడిది" అని నువ్వు నవ్వావు.

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. కానీ సారుకు చెడ్డ సరుకు ఎలా తీసుకుపోయేది? బాగాలేదని చెప్పి, ఎవరు చెడగొట్టారో చెప్పకుండా ఆమె ఇంట్లో నుంచి ఎలా వచ్చేది? కాఫీ చల్లారిపోయింది. చివరికి, "అమ్మా, దీని పూత పొయ్యిండాది. పోగొట్టింది నేనే. విభూతి ఏసి తుడిసినా" అన్నాను. తల ఎత్తలేదు.

లలితమ్మ లెన్సు చేతికి తీసుకుని చూసింది. తర్వాత, "నాయనకు తెలుసు రెడ్డెప్పన్నా" అంది. "వాణ్ణి ఎందుకు ఒక మాట గూడా అనలేదని మా అమ్మ ఆ పొద్దే అడిగిందంట. 'అంటే వాడు ఇంక లెన్సు ముట్టడు. వాని సెయ్యి మంచిది' అన్నాడంట."

ఆయన దగ్గర నలభై ఏళ్ళు అన్నం తిన్నాను. పెళ్ళి చేసుకున్నాను, సంసారం నడుపుకున్నాను. ఇంటామె పోయాక, ఈ వయసులో, ఊరు కాని ఊళ్ళో ఒక గది దొరికింది. అదంతా ఆయన అనకుండా మింగిన ఆ ఒక్క మాట పెట్టిన తిండే. ఆయన బతికుండగా నాకు తెలియలేదు.

నల్లదానికి ధర కట్టి ఇచ్చాను, వెండి రంగుదానికి లలితమ్మ ఏమీ తీసుకోలేదు. "నీ గీతలు నువ్వే ఎత్తుకోని పో" అని నవ్వుతూ చేతిలో పెట్టింది. కుప్పం వచ్చి సారుకు అంతా చెప్పాను, బెంగళూరు ఆయనకు ఇది ఇవ్వకూడదని కూడా చెప్పాను. సారు టార్చి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. గది ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. "నేనైతే కనిపెట్టుండను పెద్దాయనా. ఇంక కొనేదానికి నువ్వే పో" అన్నారు. అంతే. పని నిలిచింది. మీరు బెంగ పడొద్దు.

ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం రాగిపిండి పంపించు. ఇంకొక పని కూడా చెయ్యాలి అన్నా. లలితమ్మ నెలాఖరు దాకా మదనపల్లెలోనే ఉంటుంది. వదిన కాచిన నెయ్యి ఒక డబ్బా ఆమెకు ఇచ్చిరా. నేను ఇయ్యమన్నానని చెప్పు. యజమాని ఫోటో హాల్లో, గడియారం కింద ఉంది. నా బదులు దానికి ఒక దండం పెట్టు. ఆ రోజు ఆమె ముందర పెట్టడానికి నాకు సిగ్గేసి, పెట్టకుండానే వచ్చేశాను.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు నా దీవెనలు. నువ్వూ వదినా నేను చల్లగా ఉండాలని అనుకోండి, నాకు అది చాలు.

మీ తమ్ముడు,
రెడ్డెప్ప