పెళ్లి బొంత మీద ఊరేగింపు

సాల్ట్ లేక్, జూలై 24

లారెల్ అక్కా,

మేమిద్దరం కులాసా. పెళ్లయ్యాక ఇదే మా మొదటి పయనీర్ డే పండగ. పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం కొండ వాగు ఒడ్డున ఐస్‌క్రీమ్, సాయంత్రం రోడియోలో గుర్రాల, ఎద్దుల స్వారీలు, అన్నిటికీ మనిద్దరమే అన్నాడు కోల్బీ. చోటు పట్టడానికి నిన్న సాయంత్రమే వెళ్లి రోడ్డు పక్క గడ్డి మీద దుప్పటి పరిచి వచ్చాడు. తీరా పొద్దున వెళ్లి చూస్తే అది అమ్మ కుట్టిన పెళ్లి బొంత! తెల్లవారుజామున గడ్డికి స్ప్రింక్లర్లు తిరిగాయి. ఎర్ర ముక్కల రంగంతా తెల్ల ముక్కల్లోకి దిగింది.

"మనూళ్లో దుప్పటి పరిస్తే రిజిస్ట్రీ అయినట్టే, ఎవరూ ముట్టరు" అన్నాడు.

"మనుషులు ముట్టరు మహానుభావా, నీళ్లకేం తెలుసు?" అన్నాను.

కోపంగానే కూర్చున్నాను. ఊరేగింపు అయ్యాక లేచి చూసుకుంటే ఇద్దరి వెనకాలా ఎర్రటి మరకలే. ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ రంగు వదలాలంటే ఉప్పు నీళ్లా, వెనిగరా? పాపకు పళ్లొచ్చాయా? రాస్ప్‌బెర్రీ జామ్ రెండు సీసాలు పంపు. అమ్మకు మాత్రం చెప్పకు. పాపకు ముద్దులు.

నీ చెల్లి మార్నీ

తా.క. మీ ఇంటి ఉత్తరాలు ముందు అమ్మే తీస్తుందని ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మా, తర్వాత తిడుదువుగాని, ముందు ఉప్పో వెనిగరో చెప్పు.