మూడు తొట్ల వరస

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్,
14 మే 1989.

మహాలక్ష్మీ సమానురాలైన నీలవేణి వదినకి, నిరుద్యోగ పట్టభద్రుడైన మరిది నాగేంద్ర సాష్టాంగపడి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. కుళాయి కూడా క్షేమమే. మొన్ననే మళ్లీ తెరిచారు.

నువ్వు అలిగి బొబ్బిలి వెళ్లి నెల దాటింది. నువ్వూ పక్క క్వార్టరు అచ్చియమ్మ పిన్నీ కలిసి పెట్టిన చీరల అద్దకం కాలనీ నీళ్లన్నీ తాగేస్తోందని ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టడం, నీళ్ల ఆఫీసువాళ్లు పెరటి కుళాయి కట్టెయ్యడం, అది పిన్ని పనేనని నువ్వు అందరిముందూ అనేసి రైలెక్కడం కాలనీ చరిత్రలో చేరిపోయాయి.

తరవాతి కథ విను. దయాల్‌బంద్ బజార్లో చీరల కొట్టుకి అరవై చీరలివ్వాలి, చుక్క నీళ్లు లేవు. ఆడాళ్లంతా దిగాలుపడితే పిన్ని నడుం బిగించి, ఫేషనుకి దాహం ఎక్కువే గానీ రంగు ఝాడించడానికి కావలసింది నీళ్లు కాదర్రా, వరస, అంది. మూడు తొట్లు పెట్టించింది. అద్దిన చీర మొదటి తొట్లో ఝాడించి, రెండోదాంట్లో ముంచి, మూడోదాంట్లో తేలుస్తారు. మొదటిది మురికైతే పారబోసి రెండోదాని నీళ్లు అందులోకి, మూడోదానివి రెండోదాంట్లోకి. కొత్త నీళ్లు మూడో తొట్టికే. ముందు పసుపు చీరలు, ఆఖరికి నీలం. నలభై బిందెల పని ఇంటింటా అడిగి తెచ్చిన ఎనిమిదింటితో తెమిలింది. తనిఖీకొచ్చిన నీళ్ల ఇంజనీరు తొట్ల వరస చూసి అచ్ఛా, అచ్ఛా అంటూ కుళాయి విప్పించాడు.

మధ్యాహ్నాలు పెరట్లో పడుకుంటే తడి చీరల నీడలు నా మీదుగా నడుస్తాయి. షంటింగ్ ఇంజను కూత నీళ్లడుగునుంచి వస్తున్నట్టుంటుంది. కళ్లు మూస్తే ఎండిన అర్పా నది మెల్లగా లేచొచ్చి, ఆడాళ్ల మధ్య కూచుని, నాకూ ఒక చీర అద్దండమ్మా అంటుంది. ఆ కల చెడగొట్టేది అన్నయ్య నిట్టూర్పే.

నీ పేరెత్తితే పిన్ని మొహం తిప్పుకునేది. నిన్న మాత్రం, మీ వదినుంటే నీలం ఇలా మరకలు కడుతుందేటి, అని నన్ను కసిరింది. వచ్చెయ్యి వదినా.

ఇట్లు,
బిందెలు మోసి భుజాలరిగిన విధేయుడు,
నాగేంద్ర

తా.క. ఆ అర్జీ నాది. ఇంటర్వ్యూ రోజున మొహమంతా సబ్బు పూసుకున్నాక నీళ్లాగిపోయాయి. ఉక్రోషం కొద్దీ ‘దప్పిగొన్న పౌరుడు’ అని సంతకం పెట్టి, వేళాకోళానికి హిందీలో రాసి పడేశాను, వాళ్లు నమ్మేశారు. నువ్వు పిన్నిని అన్నప్పుడు పక్కనే ఉన్నాను. ఈ ఉదయం పిన్నికి చెప్పేశాను. నా సంగతి వొదిలీరా, ముందు ఆ పిల్లకి రాయి, నన్నంత మాటన్నానని అక్కడ కూకుని ఏడుస్తంటాది, అంది.