ఒక్కో కట్టకు ఒక్కో ఇడియమ్

భివండి,
ఆదివారం, పొద్దున్నుంచీ వాన.

ఆర్మూర్‌లో ఉన్న మా మమతక్కకు చెల్లె రజిత ప్రేమతో రాస్తున్నది.

అక్కా, ఎట్లున్నావు? నానమ్మ మోకాళ్లు ఇంకా సతాయిస్తున్నాయా? మేం ముగ్గురం బాగున్నాం. బాపుకు దగ్గు తగ్గింది. ఆయన నేత సాంచె నడిపే కార్ఖానాలోనే అమ్మకూ బట్ట మడతపెట్టే పని దొరికింది. మా గురించి ఫికర్ పెట్టుకోకు, నిజంగానే బాగున్నాం.

ఇక్కడ వాన మొదలైతే ఆగదు. సాంచెల చప్పుడూ ఆగదు. రెండూ కలిసి మోగుతుంటే నేను కిటికీ దగ్గర కూర్చుని ఎటో వెళ్లిపోతాను. ఆలూర్ రోడ్డులో పసుపు చేలు ఈపాటికి మోకాలెత్తు వచ్చి ఉంటాయి కదా? వాటి మీద వాన పడ్డప్పటి వాసన కోసం ఊపిరి గట్టిగా పీలుస్తాను. వచ్చేది మాత్రం కింది కొట్టులో వడలు వేగే వాసన. "ఏమే, యాడికి పోయినవ్? బువ్వ సల్లారుతున్నది" అని అమ్మ కేకేస్తుంది. బాగున్నామనే అన్నాను, బాగానే ఉన్నాం. కానీ బడి నుంచి రాగానే గడపలో నువ్వు కనిపించవు. అప్పుడు మాత్రం ఏడుపొస్తుంది.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. "ఓపెన్ టెన్త్ ఫారం తెచ్చుకున్న గని నింప. ఇంగ్లీష్ నాతోని గాదు చెల్లె. గది సదువుకునేటోళ్లకు" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఇడియమ్స్ కంఠతా రాక ఏడుస్తుంటే ఆ పద్ధతి పెట్టింది నువ్వే, గుర్తుందా? చాట ఒళ్లో పెట్టుకుని నువ్వు ఒక బీడీల కట్ట పూర్తిచేసి దారం కట్టేలోపు నేను ఒక ఇడియమ్ చదివి అర్థం చెప్పాలి. కట్ట పక్కన పెట్టగానే ఇంకొకటి. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో ఒకసారి. 'ఆల్ ఇయర్స్' అంటే ధ్యాసంతా పెట్టి వినడం. నేను తడబడితే నువ్వు తలెత్తకుండానే "ఆగు, గది నిన్నటి మూడో కట్టది" అనేదానివి. బడి మానేసిన నీకు అన్నీ ఎట్లా గుర్తుంటున్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొద్దు మొహాన్ని.

బుధవారం ఇంగ్లీష్ మేడం ఒక్కొక్కరినీ లేపి, ఒక ఇడియమ్‌తో తమ ఇంటి సంగతి ఒక వాక్యంలో చెప్పమంది. నాకు మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం. చేరిన రోజు నుంచీ నోరు విప్పింది లేదు. క్లాసులో నన్ను మూగపిల్ల అనుకుంటున్నారని పక్కన కూర్చునే నస్రీన్ చెప్పింది. నా వంతు వచ్చింది. ఒక్కటీ గుర్తుకు రాదే! చేతులు వెనక్కి కట్టుకున్నాను. నీ పక్కన కూర్చుని అలవాటైన వేళ్లు కదా, వాటంతటవే లేని బీడీ ఆకును చుట్టడం మొదలుపెట్టాయి. నువ్వు ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు వినిపించినట్టే అనిపించింది. నోట్లోంచి వాక్యం వచ్చేసింది:

"వెన్ మై సిస్టర్ రీడ్స్, మై హ్యాండ్స్ రోల్ బీడీస్, బట్ ఐ యామ్ ఆల్ ఇయర్స్."

మేడం చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. "నువ్వే రాశావా?" అంటే తలూపేశాను.

అక్కా, అది నా వాక్యం కాదని నీకు తెలుసు. ముందురోజే నా పాత నోట్‌బుక్ చివరి పేజీల్లో చూశాను, పెన్సిల్‌తో నీ గుండ్రటి రాత. నేను బడికి పోయాక రాసుకునేదానివా? నాకెందుకు చెప్పలేదు? ఆ బుధవారం అన్నం సహించలేదు. చప్పట్లన్నీ దొంగతనంగా తెచ్చుకున్నట్టు ఉంది.

మర్నాడు మేడం దగ్గరికెళ్లి నిజం చెప్పాను. "మీ అక్క ఏం చదువుతోంది?" అని అడిగింది. "బీడీలు చుడుతుంది" అన్నాను. ఆమె నన్ను వెంటబెట్టుకుని క్లాసులోకి వచ్చింది. తర్వాత నీ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కింద నీ పేరు రాసి, అందరినీ ఎక్కించుకోమంది. ఇప్పుడు మా క్లాసులో ప్రతి నోట్‌బుక్‌లో 'మమత, ఆర్మూర్' అని ఉంది. ఇంగ్లీష్ చదువుకునేవాళ్లకే అన్నావు కదా, వాళ్లు చదువుకుంటున్నది నీ ఇంగ్లీషే.

ఫారం నింపు అక్కా. పరీక్ష హాల్లో చాట ఉండదు, ఆకు ఉండదు. బెంచీ కింద ఊరికే వేళ్లు తిప్పుకో. కట్ట తర్వాత కట్టలా అన్నీ వస్తాయి, నాకు వచ్చాయి కదా.

ఇటువైపు ఎవరైనా వస్తుంటే మన ఇంటి పసుపు ఒక పొట్లం పంపించు, కొట్టు పసుపుకు వాసన లేదని అమ్మ సణుగుతోంది. నానమ్మ కాళ్లకు నా బదులు నువ్వే మొక్కు, దీవెన ఇద్దరం పంచుకుందాం. పెద్దమ్మ వాళ్లను అడిగానని చెప్పు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసేలోపు నీకు గుర్తున్న ఇడియమ్స్ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో. ఈసారి నువ్వు చదువు, నేను వింటాను.

ఇట్లు,
ఆల్ ఇయర్స్ అయి కూర్చున్న
నీ చెల్లె రజిత