ఆయనను పెళ్లాడకుండా ఉండుటకు గడువు కోరుట

జిల్లా వలస శాఖాధికారి వారి సముఖమునకు,

బాన్ నాఖావ్ గ్రామంలో బడి ఎదుట కాల్చిన కోడి, దంచిన పచ్చి బొప్పాయి అమ్ముకొని జీవించు బువాలై సీహావోంగ్ స్వహస్తముతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నార్వే దేశస్థుడు, చేపల ఓడలో ఇంజను మేస్త్రీగా చేసి విశ్రాంతి తీసుకొనుచున్న శ్రీ ఓడ్వార్ గారి థాయ్ దేశపు విశ్రాంత నివాస వీసా ఈ శుక్రవారంతో ముగియుట – పింఛను పత్రము అందకుండుట – ఆ కారణముగా ఆయనను నేను పెళ్లాడవలసిన అగత్యము ఏర్పడుట – సదరు అగత్యము నుండి నన్ను తప్పించుట – గురించి.

మా అక్క కూతురు బడిపంతులమ్మ. అర్జీ ఎలా రాయాలో తనే చెప్పింది. అంకెలు వేయాలట, ఉన్నది ఉన్నట్టు రాయాలట, కోపం చూపకూడదట. కావున ఈ అర్జీలో ఎక్కడా కోపము చూపబడలేదని ముందుగా మనవి చేసుకొనుచున్నాను.

1. పునరుద్ధరణకు కావలసిన కాగితములు ఒక్కటి తప్ప అన్నియు సిద్ధముగా ఉన్నవి. ఫోటోలు, పాస్‌పోర్టు నకళ్లు, ఇంటికి దారి చూపే పటము కూడా గీసితిమి. లేనిదల్లా ఆయనకు నెలనెలా పింఛను వచ్చుచున్నదని ఆయన దేశము వారు వ్రాసి, రాజధానిలోని వారి రాయబార కార్యాలయము ముద్ర వేసి పంపవలసిన పత్రము. ప్రతి ఏడు జూన్‌లోనే వచ్చేది. ఈ ఏడు జూలై సగమైనా జాడ లేదు.

2. ఆలస్యమునకు కారణము విచారించితిమి. ఆయన దేశానికి ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడింది. "అక్కడ మనుషులు లేరా?" అని అడిగాను. "ఎండ కాస్తోంది కదా, అందరూ సెలవు పెట్టి పోయుంటారు" అన్నాడు ఆయన, అదేదో పెద్ద కారణమైనట్టు. అయ్యా, మాకు ఏడాదిలో పది నెలలు మాడు పగిలేలా ఎండ కాస్తుంది, ఎన్నడైనా పొయ్యి ఆర్పుకొని కూర్చున్నామా? ఎన్నో ఫోన్ల తరువాత ఒకావిడ దొరికి, పత్రం పంపేశామని, దారిలో ఉందని చెప్పింది. ఏ దారిలోనో చెప్పలేదు. ఇక ఇటు చూస్తే శుక్రవారం దాటగానే శని, ఆది, ఆషాఢ పూర్ణిమ, భిక్షువుల వర్షావాస ప్రవేశం. వాళ్లకు ఎండ సెలవు, మనకు వాన సెలవు, మధ్యలో నలిగేది నా ముసలాయన.

3. దేశము విడిచి వెళ్లి, స్వదేశము నుండి కొత్త వీసాతో రావచ్చు గదా అని తమ కౌంటరులో సెలవిచ్చిరి. నిరుడు వానల్లో ఆయన పడవల రేవు మెట్ల మీద జారాడు. తుంటి విరిగింది, లోపల ఇనుప కమ్మీ వేశారు. గుండె కూడా అలసిపోయిందని, విమానం ఎక్కించే ఆలోచనే పెట్టుకోవద్దని పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఆమె రాసిచ్చిన చీటీ జత చేశాను. పోనీ వెళ్లాడే అనుకోండి, అక్కడ ఎవరున్నారు? ఆయనకని అక్కడ ఒక పాత పడవ ఉండేది. అది కూడా ఏనాడో అమ్మేశాడు.

4. సోమవారము నాడు మేమిరువురమూ తమ కార్యాలయమునకు హాజరైతిమి. కౌంటరులోని అమ్మాయి మర్యాదస్తురాలు, ఆమె మీద నాకే ఫిర్యాదూ లేదు. కాగితాలన్నీ తిరగేసి, "పెద్దమ్మా, మీరు తాతగారికి ఏమవుతారు?" అని అడిగింది.

"భార్యని. కాకపోతే పొరుగింటిదాని చేత కాళ్లు పట్టించుకుంటాడా?"

"అది కాదు పెద్దమ్మా, రిజిస్టరు అయిందా అని."

"లేదు. పెద్దల ముందు చేతులకు నూలుదారాలు కట్టించుకున్నాం. చుట్టుపక్కల నాలుగూళ్లకు భోజనాలు పెట్టాం."

"అయ్యో, దారాలు మాకు లెక్కలోకి రావు. తాలూకా ఆఫీసుకు వెళ్లి రెండు సంతకాలు పెట్టి రండి. థాయ్ భార్య ఉందని చూపిస్తే అరవై రోజులు పొడిగించేస్తాం. ఈలోపు ఆ పత్రం రానే వస్తుంది. ఇన్నేళ్లూ ఎందుకు చేసుకోలేదు తాతా?"

ఆయన మన భాష బాగానే మాట్లాడతాడు, కాకపోతే మా ఊరి యాసలో. నింపాదిగా, "నేను ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నా తల్లీ. ఈవిడగారికి నేను నచ్చలేదు" అన్నాడు.

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వెనకనుంచి మా ఊరివాడెవడో, "నచ్చకపోతే మూడు పూటలా కోడి ఎందుకు పెడుతోంది తాతా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నచ్చకపోవడం కాదురా ముసలోడా! చేసుకుంటే నువ్వు చస్తావని!"

ప్రభుత్వ కార్యాలయములో గొంతెత్తినందుకు క్షమాపణ వేడుకొనుచున్నాను. సోమవారం ఆ అరుపు తమ గది దాకా వినబడి ఉంటే అది నాదే. ముద్ర వేసే అబ్బాయి వేయబోయిన ముద్ర ఆపేశాడు.

5. అట్లు పలుకుటకు కారణము: నాకు ఇదివరకు ఇద్దరు భర్తలు. ఇద్దరినీ తాలూకా ఆఫీసులోనే రిజిస్టరు చేసుకున్నాను. మొదటివాడు ధాన్యం లారీ తోలేవాడు. సంతకాలైన ఏడాది తిరక్కుండానే వంతెన దగ్గర పోయాడు. రెండోవాడు దుక్కలాంటి మనిషి, తుమ్మడం కూడా ఎరగడు. నాట్ల కాలంలో జ్వరం తగిలి వారంలో పోయాడు, ఏడాది నిండనే లేదు. అప్పుడు మా అమ్మ నన్ను జాతకాలు చూసే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన నా చెయ్యి చూసి వెంటనే వదిలేశాడు. "సర్కారు పుస్తకంలో నీ పేరు పక్కన ఎక్కిన పేరును యముడు చదువుతాడమ్మా. ఏడాదిలోగా పిలుస్తాడు" అన్నాడు.

తమరు చదువుకున్నవారు, నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి. రెండు చితుల ముందు నిలబడిన దాన్ని, నాకు నవ్వు రాదు. మూడోవాడుగా ఈ పరంగి మనిషి వచ్చి మా అంగట్లో కూర్చుని, కారానికి ముక్కు చీదుకుంటూ తిని, మర్నాడు మళ్లీ వచ్చినప్పుడే నేను తీర్మానం చేసుకున్నాను. వండిపెడతాను, బట్టలుతుకుతాను, కలిసి బతుకుతాను. కానీ ఏ పుస్తకంలోనూ ఈయన పేరు నా పక్కన రాయనివ్వను. పద్నాలుగేళ్లయింది. తుంటి విరిగింది, గుండె అలిసింది, అయినా మనిషి ఉన్నాడు. రాయలేదు కాబట్టే ఉన్నాడు.

6. ఈ సంగతి ఆయనకు సోమవారం వరకు తెలియదు. ఎన్నిసార్లు అడిగినా "ఈ వయసులో పెళ్లేమిటి, సింగినాదం" అని కొట్టిపారేసేదాన్ని. ఆ రోజు తిరిగి వస్తూ మూడు చక్రాల బండిలో అంతా చెప్పేశాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు.

"ఇన్నాళ్లూ నేనంటే నీకు సిగ్గనుకున్నాను బువా. పరంగోడి పెళ్లామంటే నలుగురూ నవ్వుతారని."

"సిగ్గయితే సంతలో నీ చెయ్యి పట్టుకొని తిరుగుతానా?"

"మరి చెప్పొచ్చుగా."

"చెబితే నవ్వుతావు."

ఆయన నవ్వలేదు. చేతిలోని జిగురన్నం ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"నాకు ఎనభై దాటాయి. తుంటిలో ఇనుము, కాళ్లలో నీరు. ఇప్పుడు నేను పోతే నీ జాతకం మింగిందని ఎవరంటారే పిచ్చిదానా?"

"ఎవరూ అనరు. నేనంటాను."

ఆయన పళ్లెంలోంచి కోడి కార్జం ముక్క తీసి నా అన్నం మీద పెట్టాడు. అదంటే ఆయనకు ప్రాణం, నాకు ఏనాడూ మిగల్చడు. "పోయాక నువ్వేమన్నా నాకు వినబడదు. ఉండగా నీ మొగుడినని ఒక్కసారి అనిపించుకోవాలని ఉంది, అంతే" అన్నాడు.

7. కావున మంగళవారము నాడు, ఇద్దరు భర్తలను తిన్న అదే తాలూకా ఆఫీసుకు నా కాళ్లతో నేనే ఆయనను తీసుకువెళ్లితిని. శుక్రవారం ఆయనను పంపేస్తే దారిలోనే పోతాడు, సంతకం పెడితే ఏడాదిలో పోతాడు. ఏడాది ఎక్కువ కదా అని లెక్క వేసుకున్నాను. పట్టు బట్ట కట్టుకున్నాను. ఊరి దేవతకు కోడి మొక్కుకున్నాను. గుమ్మం దగ్గర తలుపు పట్టుకొని నిలబడిపోయాను, ఆయనే కర్ర నాకిచ్చి గోడ పట్టుకొని నడిచాడు.

అక్కడి గుమాస్తా ఆయన పాస్‌పోర్టు చూసి వెనక్కి జరిపేశాడు. "అమ్మా, ఈయన ఒంటరివాడని, పెళ్లికి అడ్డేమీ లేదని వాళ్ల రాయబార కార్యాలయం రాసివ్వాలి. దాన్ని మన భాషలోకి మార్పించి రాజధానిలో ముద్ర వేయించుకు రావాలి."

"ఎన్నాళ్లు పడుతుంది బాబూ?"

"నెల అనుకోండి. వాళ్లు సెలవుల్లో ఉంటే చెప్పలేం."

అనగా ఆయన ఉండుటకు పెళ్లి కావలెను, పెళ్లికి మరియొక కాగితము కావలెను, ఆ కాగితమును కూడా ఆ ఎండ సెలవు వారే ఇవ్వవలెను. ఒంటరివాడని రుజువు చేసుకుంటేనే నాతో జత కట్టనిస్తారట.

నేను సంతోషించాలి కదా అయ్యా? గండం తప్పింది కదా? బయటికొచ్చి మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చాను. చేసుకోనని ఇన్నేళ్లు మొండికేసినదాన్ని, చేసుకోనివ్వలేదని ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చోలేడు, తుంటి వంగదు. నిలబడే నా తల మీద చెయ్యి వేశాడు. "వచ్చావుగా. నాకది చాలు" అన్నాడు. ఆయనకు చాలు. నాకు చాలదు.

8. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా, శుక్రవారము నాడు పింఛను పత్రము లేకున్నను ఆయన దరఖాస్తును స్వీకరించి, 'పరిశీలనలో ఉన్నది' అను ముద్ర వేసి కొద్దిపాటి గడువు ఇప్పించవలెను. అట్టి ముద్ర తమ వద్ద ఉన్నదని ముద్ర వేసే అబ్బాయే చెప్పాడు. అతనిని మందలించవద్దు. జామీను కావలెనంటే నేనున్నాను. పత్రం వచ్చేదాకా మీ కౌంటరు ముందే పొయ్యి పెట్టుకొని కూర్చోమన్నా కూర్చుంటాను. అట్లు గాక ఆయనను పంపివేయుటకే నిర్ణయించిన పక్షమున, మోసుకుపోవుటకు మనుషులను తమరే పంపవలెను. ఆయన నడవలేడు. నడవగలిగినా నా వాకిలి దాటనివ్వను. ఇది కోపము కాదు, ఉన్నది ఉన్నట్టు వ్రాయుట.

పైన చెప్పినదంతయు చల్లని మనసుతో చిత్తగించవలెను.

బుధవారము, బాన్ నాఖావ్.

ఇట్లు,
ఎంత గొంతెత్తినను తమ విధేయురాలు,
బువాలై సీహావోంగ్

తా.క.: ఇది శుక్రవారం పొద్దున, మీ ఆఫీసు బయటి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పత్రం వచ్చేసింది. నిన్న సాయంత్రం జోరువానలో టపా మనిషి వీధి మొదట్లోంచే "పరంగి తాత కాగితం వచ్చిందోచ్!" అని కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. వీధి వీధంతా గొడుగులతో మా ఇంట్లోకి వచ్చేసింది. కవరు తడిసింది గాని ముద్ర చెక్కుచెదరలేదు. ఇందుతో జతపరిచాను. అందుచేత ఎనిమిదో నంబరు కొట్టేసుకోండి, ముఖ్యంగా వాకిలి మాట.

అర్జీ చింపేద్దామనే అనుకున్నాను, కానీ ఒక మనవి మిగిలిపోయింది. ఆయన ఒంటరివాడని రాసిచ్చే ఆ రెండో కాగితం కోసం మంగళవారమే రాజధానికి రాశాం. ఆయనే పట్టుబట్టి రాయించాడు. మా పెద్దలేమో వర్షావాసంలో మూడు నెలలు పెళ్లి మాటే ఎత్తకూడదన్నారు. "ఆగుతా" అన్నాడు. అప్పటినుంచీ పొద్దున లేస్తూనే "వచ్చిందా?" అని అడుగుతాడు. "రాలేదు" అంటాను. "అయితే రేపొస్తుంది" అని గంజి అంతా తాగేస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పిన కాలి కసరత్తులు నిరుటినుంచి ఎంత తిట్టినా చేయనివాడు, ఇప్పుడు నేను చెప్పకుండానే గడప పట్టుకొని చేస్తున్నాడు. ఎందుకయ్యా అంటే, సంతకం కర్ర లేకుండా నిలబడి పెడతాడట.

రాయబార కార్యాలయం తమ చేతిలోది కాదని తెలుసు. అయినా ఆఫీసర్లకు ఆఫీసర్లు తెలిసే ఉంటారు. ఎవరితోనైనా ఒక మాట చెప్పి, ఆ కాగితం వీలైనంత ఆలస్యంగా వచ్చేలా చూడండి. ఎండ సెలవులిచ్చుకోనివ్వండి, వాన సెలవులిచ్చుకోనివ్వండి, తప్పుల తడకగా రాసి వెనక్కి పంపనివ్వండి. నేను ఎవరినీ తొందరపెట్టను. అది వచ్చేదాకా ఆ మొండివాడు ఎక్కడికీ పోడు.