వనజాక్షి పంపిన పురుగులు

శింగనమల,
12-9-1999

అమ్మా వనజాక్షీ,

మీ వ్యవసాయ ఆఫీసు నుంచి నువ్వు పంపిన పురుగులు మన గట్టు మీది వయ్యారిభామను ఈనెలు మిగిల్చి తినేశాయి తల్లీ! ఏ దేశం నుంచో వచ్చిపడి, ఏళ్ల తరబడి పీకినా చావని కలుపు అది. మీ అమ్మ ఈ ఏడు ఒళ్లు గోక్కోకుండా చేనికి పోతోంది. నా కూతురు పంపిన పురుగులని బస్సు కండక్టరుకు కూడా చెప్పాను.

ఊరందరినీ పిలిచి, టెంకాయ కొట్టి మరీ వదిలాను కదా, ఇప్పుడు అందరూ నన్నే అడుగుతున్నారు. పక్కచేని యేసన్న పొద్దుతిరుగుడు ఆకులకు చిల్లులు పడ్డాయి.

"ఏమన్నా, టెంకాయ కొట్టి నా చేన్లోకి తోలినావా?" అన్నాడు. మందు కొడతానంటే, "నా బిడ్డ తెలిసే పంపింది. అవి వేరే పైరు ముట్టవు, నాలుగు దినాలు ఆగప్పా" అన్నాను. పాపం, ఆగాడు.

నా మాట నిజమని చూపిద్దామని, పది పురుగులను ఉత్త పొద్దుతిరుగుడు ఆకుతో సీసాలో పెట్టి గుడ్డ కట్టాను. మూడు రోజులు ముట్టలేదు. ఈ పొద్దున చూస్తే ఆకుకు చిల్లులున్నాయి. నేను పస్తు పెట్టినందుకు తిన్నాయా, వయ్యారిభామ అయిపోతే ఇక ఇదే తింటాయా? నాయన బాధపడతాడని మెత్తగా రాయొద్దు, ఉన్నదున్నట్టు రాయి.

నీ జవాబు వచ్చేదాకా సీసా దాచిపెడదామనుకున్నాను. కానీ యేసన్న నా మాట నమ్మి ఆగిన మనిషి. ఈ ఉత్తరం పోస్టు చేసి, సీసా తీసుకుని నేరుగా అతని చేనికే పోతున్నాను. మందు కొడతానంటే నీళ్లు నేనే మోసిస్తాను. కోప్పడకు తల్లీ.

నిన్ను తలుచుకుని మురిసిపోయే
మీ నాయన