క్యాంపులోనే ఉన్నవాణ్ణి పారిపోయిండని రాసిన హురూబ్ రద్దు గురించి

కంపెనీ పర్సనల్ ఆఫీసర్ శ్రీ మస్తాన్ వలీ గారి సముఖమునకు,
రియాద్.

సులై లేబర్ క్యాంపులో ఉంటున్న ఎలక్ట్రికల్ హెల్పర్ గుండేటి ఉదయకిరణ్, తండ్రి మొండయ్య, మెట్‌పల్లి, రాసుకున్న అర్జీ.

విషయం: క్యాంపు బాస్ సదానందం పగబట్టి నా మీద పెట్టించిన హురూబ్‌ను తీసివేయుట, సదరు సదానందానికి తగిన శాస్తి చేయుట గురించి.

అయ్యా,

తమరు కర్నూలు వారని, తెలుగు చదువుతారని బస్సు డ్రైవర్ బాబావలి అన్న చెప్పినందున, ఇంగ్లీషులో ఎవరితోనో రాయించకుండా నా చేతితోనే రాస్తున్నాను. తప్పులుంటే నావి. అబద్ధాలుంటే సదానందానివి.

1. నేను మెట్‌పల్లిలోని స్నూకర్ పార్లర్‌లో, ఇంటర్ తప్పేదాకా ఆడియున్నాను. ఎవరూ నేర్పలేదు. పక్కవాళ్లు ఆడుతుంటే చూసి నేర్చుకొనియున్నాను. క్యాంపుకు వచ్చిన మొదటి శుక్రవారం, హాల్లో ఉన్న పాత టేబుల్ మీద సదానందంతో ఒక ఫ్రేమ్ ఆడుట జరిగినది. ఆఖరికి నల్ల బంతి ఒక్కటే మిగిలినది. దాన్ని పాకెట్‌లో వేసినవాడిదే గెలుపు. నేను వేసినాను. ఈ క్యాంపులో ఆఖరి నల్ల బంతి బాసుకు వదలవలెననే రివాజు ఉన్నదని, రూములు బెడ్లు పంచేది ఆయనే గనుక అందరూ కావాలనే తప్పు కొడతారని నాకు ఎవడూ చెప్పలేదు. చెప్పినా వేసేటోణ్నే, అది వేరే సంగతి.

2. మరునాడు నా బెడ్డు బాత్రూం గోడ పక్కకు మారినది. నేను డ్యూటీ నుండి వచ్చే టైముకు హాలుకు తాళం పడుట మొదలైనది. "ఏందిరా ప్లేయరూ, బల్బు పెట్టుడు రాదు గని బంతులు కొడ్తవా?" అని మెస్సులో అనియున్నాడు. అందరూ నవ్వినారు. నవ్వినోళ్లందరూ నాకు యాదున్నరు, కాని ఈ అర్జీ వాళ్ల మీద కాదు.

3. అందువలన నేను సులైలోనే బయట ఒక క్లబ్బుకు పోవుట మొదలుపెట్టినాను. అక్కడి మార్కర్, అనగా టేబుళ్లు చూసుకుంటూ ఆట దిద్దే మనిషి, సర్ఫరాజ్ భాయ్. పాకిస్తాన్ ఆయన. నా ఆట చూసి "బేటా, గుస్సా హాథ్ మే నహీ, ఆంఖ్ మే రఖ్" అన్నాడు. కోపం చేతిలో కాదు, కంట్లో పెట్టుకొమ్మని. పెట్టుకున్నాను. ప్రతి ఎర్ర బంతిలో సదానందం మొఖమే చూసినాను. దూరం షాట్లు అట్లనే కుదిరినయి. రియాద్ అమెచ్యూర్ పోటీ గెలిచినాను. తర్వాత ప్రొఫెషనల్ కార్డు కోసం జెద్దాలో జరిగే సెలెక్షన్ పోటీకి నా పేరు వచ్చినది.

4. సదరు జెద్దా ప్రయాణానికి సెలవు అడుగగా, బాబావలి అన్న వినంగ సదానందం చెప్పిన మాటలు: "పో బిడ్డా. వారం ఉండు. ఆడ అసలైనోళ్లు కొడ్తె ఏడ్సుకుంట రా." కాయితం అడిగితే "నా నోరే కాయితం" అన్నాడు. ఏడ్వలేదు. గెలిచి వచ్చినాను. రెండేండ్ల పాటు చెల్లే ప్రొఫెషనల్ కార్డు ఇచ్చినారు. క్లబ్బు ఓనర్ తానే నాకు కఫీల్‌గా, అనగా వీసా యజమానిగా, ఉంటానని, నన్ను వదలమని కంపెనీకి ఫోన్ చేసినాడు. ఆ ఫోన్ వచ్చిన మరునాడే, నేను జెద్దా నెపం మీద డ్యూటీ వదిలి పారిపోయినానని సదానందం రిపోర్టు ఇచ్చినాడు. హురూబ్, అనగా పరారీ ముద్ర, పడినది. రిపోర్టు ఆయనదే, కాని బటన్ నొక్కినది తమరి ఆఫీసు. ఇది గూడా రాయకపోతే అర్జీ పూర్తి కాదు.

5. పారిపోయిన నేను ప్రతి పొద్దున తమరి మిషన్ మీద బొటనవేలు పెడుతున్నాను. మిషన్ ఒప్పుకుంటున్నది. మెస్సులో అన్నం పెడుతున్నారు. ఫోర్‌మన్ పని చెప్పుతున్నాడు. నేను లేనిది ఒక్క కంప్యూటర్లోనే. "ఏమప్పా పారిపోయినోడా, బస్సెక్కు, లేటయితాంది" అని బాబావలి అన్న రోజూ పిలుస్తున్నాడు. నవ్వొస్తది. కాని హురూబ్ ఉన్నంతకాలం కఫీల్ మారడు, బయటికి పోయే వీసా పడదు. వచ్చే నెల ఇంగ్లండులో నా మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్. ఈలోపల పోలీసులు ఆపి చూస్తే తర్హీల్ జైలు, అక్కడి నుండి సీదా మెట్‌పల్లి.

6. ఇప్పుడు సదానందం ఒక బేరం పెట్టినాడు. వచ్చే శుక్రవారం మన హాల్లో, అందరి ముందట, నేను ఆయన చేతిలో ఒక్క ఫ్రేమ్ ఓడవలెనట. "ఓడు. శనివారం నేనే ఆఫీసుకు పోయి హురూబ్ తీపిస్త." రూమోళ్లందరూ ఓడమనే చెప్పుతున్నారు. ఓడుడు నాకు చేతనైతదో లేదో నాకే తెల్వదు.

కావున తమరిని కోరుకునేది: శుక్రవారం లోపల హురూబ్ తీసివేయవలెను. సదరు సదానందం మెస్సులో అందరూ తినేటప్పుడు లేచి, "ఉదయకిరణ్ పారిపోలేదు, నేను అబద్ధం చెప్పిన" అని గట్టిగా అనవలెను. మెల్లగ అంటే మళ్లీ అనిపించవలెను. హాలు తాళంచెవి గుంజుకొనవలెను. బాత్రూం గోడ పక్క బెడ్డు ఆయనకు ఇవ్వవలెను, పరుపు మార్చకుండా.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. అంత ఓపిక లేకుంటే నాలుగో నంబరు ఒక్కటన్నా చిత్తగించవలెను.

ఈ ఒక్క విషయం వరకు తమ విధేయుడు,
గుండేటి ఉదయకిరణ్

తా.క.: తమరు యాన్బు సైటుకు పోయినందున అర్జీ నా దగ్గరే ఉండిపోయింది. శుక్రవారం అయిపోయింది. ఆడినం. ఓడుదామనే పోయిన, అమ్మతోడు. ఆట షురువయ్యేటప్పుడు సదానందం నా చెవుల "గట్లనే తల వంచుకొని ఉండు బిడ్డా, బతుకుతవ్" అన్నడు. ఇగ నాకు బంతులు తప్ప ఏం కనవడలె. టేబుల్ మొత్తం ఊడ్చిన. ఆయన కుర్చీల కూసొని క్యూకు చాక్ రాసుకుంటనే ఉన్నడు, లేసే మోకనే ఇయ్యలె. ఎన్నడూ నోరు తెరవనోళ్లు గూడ ఈలలేసిండ్రు. "నీ అయ్య వచ్చినా హురూబ్ తియ్య" అని సదానందం పోయిండు. ఇగ మీరే దిక్కు. మీరు గూడ తియ్యకపోతే తర్హీల్‌కు పోత. భయమైతున్నది, అయినా పోత. కాని నన్ను పంపే కాయితంల 'పని' అన్న కాడ హెల్పర్ అని రాయొద్దు. ప్రొఫెషనల్ స్నూకర్ ప్లేయర్ అని రాయాలె. అది సదానందం చేతితోనే రాయించుండ్రి.